నలభై మూడో పేజీ

మా సారు పోయారని మొన్న పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఫోన్ వచ్చింది. ఆదోనిలో కాలేజీకి బయలుదేరుతున్నదాన్ని, క్లాసు మానేసి బస్సెక్కాను. నేను ఈ రోజు ఫిజిక్స్ పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే అది ఆయన చలవే. పిహెచ్‌డీకి నా గైడు ఆయన.

మగ్గం నేసే ఇంట్లో పుట్టిన సారు క్వాంటం ఆప్టిక్స్‌లో పేరు తెచ్చుకున్నారు. రెండు అద్దాల మధ్య చిక్కిన కాంతి ఒక్క పరమాణువుతో ఎలా మెలుగుతుంది, ఎంతసేపటికి బయటికి జారిపోతుంది? జీవితమంతా ఆ లెక్కే. రిటైరై సొంతూరు చేరాక వీధిలో అందరికీ ‘లైట్ల సారు’ అయ్యారు. పక్కింటావిడ ఒకసారి టూబులైటు పట్టుకొచ్చింది.

“ఎలగడం ల్యా సారూ, రోంత సూడప్పా.”

“నాకు బల్బు మార్సేది గూడా రాదు తల్లీ. నాదంతా కాగితం మీద ఎలుగే” అని ఆయన నవ్వారు.

రిటైరైనా నా గైడుగానే ఉన్నారు; ఆదివారాలు నేను ఆదోని నుంచి లెక్కలు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళేదాన్ని. నోటుబుక్కు చేతికిచ్చే ముందే ప్రతి పేజీకీ తనే నంబరు వేసి ఇచ్చేవారు. “తప్పయితే ఒక గీత కొట్టు. సించొద్దు. యాడ తప్పినామో రేపు మనమే సూసుకోవల్ల” అనేవారు.

అలాంటి మనిషి ఇచ్చిన నోటుబుక్కులోనే నేను కాగితం చించాను. ఆయనకు పేరు తెచ్చిన సూత్రంలో, చిన్నదని వదిలేసిన ఒక టర్మ్ కాంతి బాగా బలహీనంగా ఉన్నప్పుడు చిన్నది కాదని ఆ పేజీలో తేలింది. నా మూడేళ్ళ పని నిలబడింది ఆ సూత్రం మీదే. ఆయన పరువు, నా డిగ్రీ రెండూ పోతాయనుకున్నాను. నంబర్ల సంగతే మరిచి, చించి దాచేశాను. సారు పుస్తకం తిరగేసి చూసి, ఏమీ అడగలేదు.

మూడు వారాలు అన్నం సహించలేదు. నాలుగో ఆదివారం వెళ్ళి ఏడుస్తూ చెప్పాను. ఆయన మొదటి నుంచి చివరి దాకా నాచేత బోర్డు మీద చేయించి, “నువ్వే సరి” అన్నారు. అంతే. సూత్రానికి సవరణ ఫిజిక్స్ పత్రికలో వచ్చింది, నా పేరు ముందు, ఆయన పేరు తర్వాత. నా థీసిస్ మళ్ళీ మొదలుపెట్టి రాయడానికి ఇంకో ఏడాది పట్టింది.

మొన్న అంతా అయిపోయాక సారు భార్య నన్ను లోపలికి పిలిచింది.

“నువ్వు సెప్పకముందే ఆయనకు తెలుసు మ్మా. నలభై మూడో పేజీ లేదు, ఏమిటికి సించినాదబ్బా అని తనే మళ్ళా లెక్కేసినారు. పత్రికకు జాబు గూడా రాసి పెట్టినారు, నీ పేరే ముందర పెట్టి. పంపండి అంటే, ఆ పాపే వచ్చి సెప్పల్ల, అంతవరకూ ఈడనే ఉండనీ అనిరి.”

సిగ్గు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఆ మూడు వారాలూ ఆయన కూడా నాకోసం కాచుకుని ఉన్నారు.

తప్పు ఒప్పుకున్న ఆ ఆదివారం సారు నాతోపాటు బస్టాండు దాకా నడిచి వచ్చారు. అంతకుముందు ఎన్నడూ రాలేదు. ఎండగా ఉంది సార్ అన్నా వినలేదు. ఆదోని బస్సు కదిలి మలుపు తిరిగేదాకా, తల మీద తువ్వాలు కప్పుకుని, నా కిటికీ వైపే చూస్తూ నిలబడ్డారు.