వేయ్నో మిషను చక్రాలు

మా ఊళ్ళో గొప్పలు పోవడానికి పెద్దగా ఏమీ లేదు. రాగి గనులు ఏనాడో మూతపడ్డాయి. సరస్సు మీది గాలి తెచ్చిపోసే మంచు ఒక్కటే మిగిలింది. మా పక్కింటి వేయ్నో ఆ మంచు మీదే గొప్పలు పోయేవాడు.

"మంచు తీసే మిషన్లని వెచ్చటి గదుల్లో పెట్టి ముద్దు చేస్తారు మీరంతా. అక్కడ చక్రాల మంచు కరిగి, మళ్ళీ బయటికి తేగానే గడ్డకట్టి చస్తుంది. నాలాగా చలి కొట్టంలో పడేయండి, అప్పుడు చూడండి," అనేవాడు, కాఫీ సాసర్లో పోసుకుని జుర్రుతూ. మా అందరి మిషన్ల చక్రాలూ మంచు పట్టి తిరగకుండా జారుతుంటే, అతని మిషను బుల్లి చక్రాలు మాత్రం నల్లగా నిగనిగలాడేవి. మాకు ఒళ్ళు మండేది. అతని భార్య హిల్యా ఊలు అల్లుకుంటూ నవ్వి ఊరుకునేది.

అసలు సంగతి నాకు తెలుసు. నా వంటింటి కిటికీ వాళ్ళ కొట్టం వైపే ఉంది. మంచు తీయగానే వేయ్నో మిషనుని కొట్టంలోకి నెట్టేసి నేరుగా ఆవిరిస్నానం గదికి పోయేవాడు. మాలో స్నానానికి మగవాళ్ళ వంతు ముందు. అయ్యగారు లోపల చెమటలు కక్కుతుంటే, హిల్యా చీపురుతో చక్రాల సందుల్లో మంచునంతా దులిపి, తుడిచి, మంచు మీద జారే స్కీలకు రాసే మైనం రుద్దేది. తర్వాత కట్టెల కోసమే వెళ్ళినట్టు చంకన నాలుగు పుల్లలు పెట్టుకుని బయటికొచ్చి, నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టుకునేది.

పోయిన నవంబరులో హిల్యా పోయింది. చలికాలంలో మా నేల తవ్వుడు పడదు. వసంతం దాకా శవపెట్టెను శ్మశానంలోని రాతిగదిలో ఉంచుతారు. గేటు నుంచి ఆ గది దాకా దారి తనే తీస్తానని వేయ్నో పట్టుబట్టాడు. కుర్రాళ్ళు మంచు తోసే ట్రక్కు తెస్తామంటే, "నా పెళ్ళానికి దారి నేను తీసుకోలేనా?" అని కసిరాడు.

తీరా ఆ పొద్దున, గేటు దగ్గర బండిలోంచి దించగానే మిషను మొరాయించింది. ముందురోజు వాకిట్లో మంచు తీసి, అలవాటుగా కొట్టంలో పడేశాడు కదా, రెండు చక్రాలూ మంచుగడ్డలై ఉన్నాయి. ఇంకాసేపట్లో పెట్టె వచ్చేస్తుంది. వేయ్నో బూటుతో తన్నాడు.

"ఇది కూడా నామీద పగబట్టింది, సైమా," అన్నాడు నాతో.

నోరు కట్టేసుకునే రకాన్ని కాను నేను. ఉన్నదంతా చెప్పేశాను.

"నాతో ఒక్క ముక్క అనలేదే," అన్నాడు.

"చెబితే నువ్వు గొప్పలు మానేస్తావుగా. కాఫీ జుర్రుతూ నువ్వు కోతలు కోస్తుంటే వినడం దానికి ఇష్టం, పిచ్చి మొద్దూ."

మిషను పిడి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు. అతను ఇన్నేళ్ళు వెక్కిరించిన ఊరివాళ్ళందరూ పారలు పట్టి దారి తీశారు. హిల్యా ఆ దారినే వెళ్ళింది.

మధ్యాహ్నం నేను రొట్టె తీసుకెళ్ళేసరికి వేయ్నో కొట్టంలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చక్రాల మంచునంతా చెక్కేశాడు. చేతిలో మైనం ముక్క ఉంది, ఆమె బొటనవేలు పడిపడి గుంటపడినది.

"ఇది గట్టిగా రుద్దాలా, పైపైనే రుద్దాలా? నువ్వు చూశావుగా."

"నాకు కిటికీలోంచి దాని వీపే కనబడేది, వేయ్నో," అన్నాను.