తోక తెగిన గ్రైండర్

ఆ రోజుల్లో మా శ్రీకాకుళంలో ఇస్త్రీపెట్టె చెడిపోతే పారెయ్యాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు. సంచిలో వేసుకుని బాగుచేసేవాడి దగ్గరికి వెళ్లేవారు. ఇవాళ పొద్దున్న నేను మిక్సీ పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్తే, కౌంటర్ వెనకున్న కుర్రాడు ఒక్క స్క్రూ కూడా విప్పకుండా "పార్ట్ రాదు సార్, కొత్తది తీసుకోండి" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. కొని మూడేళ్లు కాలేదు! "విప్పి చూశావా?" అని అరిచాను. చూడలేదట. చూడక్కర్లేదట. అక్కడున్నవాళ్లంతా నావైపు తిరిగేలా నాలుగు మాటలని, మిక్సీ చంకలో పెట్టుకుని బయటికొచ్చేశాను. ఎండలో నడుస్తుంటే ఇంకా పెద్ద కోపం వచ్చింది, ఈసారి నా మీదే. ఎందుకంటే ఈ ఊళ్లో ఆ "పార్ట్ రాదు" అన్న మాట మొదట్లో నేర్చినవాళ్లలో నేనూ ఒకణ్ణి (ప్రయోగించింది సొంత మేనత్త మీద).

డిగ్రీ తప్పి, ఇంట్లో తిట్లు పడలేక, ఎలక్ట్రిక్ సామాన్ల షాపులో సేల్స్‌మన్‌గా చేరాను. అప్పుడే సావుకారు ఎక్స్చేంజ్ మేళా పెట్టారు. పాతది ఇస్తే కొత్తదాని మీద తగ్గింపు. పాతది మా చేతికి రాగానే దాని వైరు కత్తిరించాలి, మళ్లీ ఎవరూ పట్టుకెళ్లి వాడుకోకుండా. ఆ కత్తెర నా చేతికిచ్చారు. కలెక్టరు ఉద్యోగం ఇచ్చినట్టే పొంగిపోయి, పిడి బయటికి కనబడేలా జేబులో పెట్టుకు తిరిగేవాణ్ణి. తల్చుకుంటే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మావయ్య పోయాక మా అత్త వీధిలో ఇళ్లకీ, రెండు టిఫిన్ బళ్లకీ పిండి రుబ్బి ఇచ్చి బతికేది. ఒకరోజు గ్రైండర్‌ని ఆటోలో వేసుకొచ్చింది. "ఒరే, మోటారు తిరగతంది గానీ రాయి తిరగట్నేదు. ఏటయిందో సూడు" అంది. బెల్టు తెగిందని చూడకుండానే తెలిసిపోయింది. షాపు వెనక రేకుల షెడ్డులో మెకానిక్ టేపు మావ ఉండేవాడు (చేతికి గాజులా ఎప్పుడూ నల్ల టేపు చుట్ట ఉండేది, అందుకా పేరు). టీ తాగేలోపు వేసిచ్చేసేవాడు. కానీ ఆ వారం ఎక్కువ అమ్మినవాణ్ణి సావుకారు అందరిముందూ మెచ్చుకుంటానన్నారు. "పార్ట్ రాదత్తా" అన్నాను. నమ్మింది. కొత్త గ్రైండర్ వైపు ఆవిడ బెదురుగా చూస్తుండగానే పాతదాని వైరు టక్కున కత్తిరించేశాను.

కొత్తది మూడోవారంలో పొగ కక్కింది. కంపెనీవాళ్లు పార్ట్ రావడానికి పదిహేను రోజులన్నారు (ఈసారి నిజంగానే రావాలి). పిండి అందక ఒక టిఫిన్ బండివాడు వేరేచోట చూసుకున్నాడు. మర్నాడు మేళా కిటకిటలాడుతుండగా అత్త వచ్చింది, చంకలో నానబెట్టిన మినప్పప్పు గిన్నెతో. తెచ్చి నా కౌంటర్ మీద ధనామని పెట్టింది.

"రుబ్బు" అంది.

జనం గొల్లుమన్నారు.

"నవ్వకండర్రా! ఒరే, బాగుసెయ్యమని తెచ్చినాన్రా, పీక కొయ్యమన్నానేటి?"

సావుకారు పరిగెత్తుకొచ్చి, "అమ్మా, కొత్త మోడల్ ఇంకోటి..." అనబోయారు.

"నీ మోడలు నీకాడే ఉంచుకో బాబూ. నా పాతది నాకిచ్చీ!"

షెడ్డులో గుట్టకింద నుంచి దాన్ని లాగాం. టేపు మావ తెగిన వైరు కలిపి టేపు చుట్టాడు, బెల్టు వేశాడు, ప్లగ్గు పెట్టాడు. రాయి గిర్రున తిరిగింది. "బెల్టే గదేటి" అన్నాడు మామూలుగా. అత్త నావైపు తిరిగింది.

"నీకు తెలుసేట్రా?"

జేబులోంచి కనబడుతున్న కత్తెర పిడిని లోపలికి తోసేశాను.

"తెల్దనుకున్నాన్రా ఇన్నాళ్లూ. తెలిసే సెప్పినావన్నమాట" అంది. ఈసారి అరవలేదు. అక్కడే, అందరిముందూ, పప్పు మొత్తం రుబ్బుకుని వెళ్లింది. ఆ టిఫిన్ బండివాడు మాత్రం ఆవిడ దగ్గరికి మళ్లీ రాలేదు. ఆ సాయంత్రమే కత్తెర సావుకారు బల్ల మీద పెట్టేశాను. పొగరుతో కాదు, సిగ్గుతో.

అత్త ఇప్పుడు లేదు. గ్రైండర్ మా ఇంట్లోనే ఉంది, నల్ల టేపు ముడితో సహా. ఆ సర్వీస్ సెంటర్ కుర్రాడికి కూడా అలాంటి మేనత్త ఒకావిడ ఉంటే బాగుండును అనుకుంటూ, మిక్సీని తిన్నగా టేపు మావ ఇంటికి పట్టుకెళ్లాను. అతని కళ్లు బాగా మసకబారాయి. అరుగుమీద కూర్చుని తను చెప్తుంటే నేను విప్పాను. లోపల ఒక వైరు ఊడింది, అంతే. దానికోసం కొత్త మిక్సీ కొనమన్నారు!

జుట్టంతా నెరిసిన నాకు టేపు చుట్ట అందించి, "ఒరే కత్తెరోడా, నెమ్మదిగా పట్టుకో. మళ్లీ కోసీకు" అన్నాడు.

"కొయ్యను మావా" అన్నాను. పొద్దున్నుంచీ మొదటిసారి నవ్వొచ్చింది.