మూడు గంటల మంచినీళ్ళు

మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళను ఉంచే ఆ హోమ్‌లో పదకొండేళ్ళుగా ఆయా ఆవిడ. తోటివాళ్ళు "గడియారం" అని పిలిచేవారు. పనిలో వేళ తప్పదని కాదు, షీట్లలో వేళ తప్పదని. ఇరవై రెండు మంచాలకు ఒక్క ఆయా. రెండేసి గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పాలి, మంచినీళ్ళు పట్టాలి, మంచానికి వేలాడే షీటులో టిక్కు పెట్టాలి. వీటిలో పైవాళ్ళు చూసేది టిక్కునే. అందుకని గడియారం సాయంత్రం దాకా పెట్టాల్సిన టిక్కులన్నీ పొద్దున్నే ఒక్క ఊపున పెట్టేసి, ఆ తరవాత ఓపిక ఉన్నంత చాకిరీ చేసేది. చెయ్యకపోతే అడిగినవాడు లేడు, చేస్తే మెచ్చుకున్నవాడూ లేడు.

ఒకరోజు ఇద్దరికి విరేచనాలు పట్టుకుని ఆవిడకు ఊపిరి సలపలేదు. కిటికీ పక్కనున్న డ్రాయింగు మాస్టారి దగ్గరకు వెళ్ళేసరికి నాలుగు దాటింది. ఆయన నోరు తెరిచి అడిగే మనిషి కాదు. చెయ్యి ముట్టుకుంటే చల్లగా, కర్రలా బిగుసుకుని ఉంది. ఏ పొద్దుటి పూటో పోయారు. షీటులో మాత్రం మూడింటికి మంచినీళ్ళు తాగారు. డాక్టరు మనిషి మీద చెయ్యన్నా వెయ్యకుండా ఆ షీటు చూసి, నాలుగింటికి పోయినట్టు రాసేశాడు.

కూతురు ఏడుస్తూ వచ్చి ఆ టిక్కు మీద వేలు పెట్టింది.

"మూడింటికి నీళ్ళు తాగారా ఆయమ్మా?"

"తాగారమ్మా."

"మీ చేత్తోనే పట్టారా?"

"ఆ."

ఆ పిల్ల ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

అప్పటినుంచి మధ్యాహ్నం మూడయిందంటే గడియారం కిటికీ వైపు చూసేది. ఆ మంచంలోకి ఎవరొచ్చినా మాస్టారే నోరు తెరుచుకుని తనకేసి చూస్తున్నట్టుండేది. గ్లాసు పట్టుకుని పరుగెత్తేది. ముందుగా టిక్కులు పెట్టడం మానేసింది. షీట్లు సగం ఖాళీగా ఉంటున్నాయని సూపర్‌వైజరు చీవాట్లు పెట్టాడు. అంతకుముందు ఎన్నడూ ఒక్క మాట అనని మనిషి ఆయన.

రెండేళ్ళకు కూతురు మళ్ళీ వచ్చింది, ఈసారి తల్లిని వెంటబెట్టుకుని. తల్లికీ అదే జబ్బు.

"నాలుగు చోట్లు చూశాను ఆయమ్మా. మీరున్నారనే ఇక్కడికి తెచ్చా. నాన్నకి ఆఖరి నీళ్ళు పట్టిన చెయ్యి కదా."

గడియారం చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది. చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే ఈ ముసలమ్మనూ అబద్ధం మీదే ఆ మంచంలో పడుకోబెట్టినట్టవుతుంది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. టిక్కులు పొద్దున్నే పెట్టానంది. మూడింటికి మీ నాన్న లేరమ్మా, అంది.

తల్లి కిటికీలోంచి చూస్తూ, "మీ నాన్న ఇంకా బడి నుంచి రాలేదేమే?" అని అడుగుతోంది.

"ఇంట్లో చూసేవాళ్ళు లేరు. నాకు సెలవు రేపటితో అయిపోతుంది," అంది కూతురు. "అమ్మని ఎక్కడ పెట్టమంటారో మీరే చెప్పండి."

ఆవిడ దగ్గరే పెన్ను అడిగి తీసుకుని, తల్లిని చేర్పించే కాగితం మీద సంతకం పెట్టింది.