పుంజు పని ఖతం

కరీంనగర్‌లో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నప్పుడు, మా జర్నలిజం క్లాసులో ముగ్గురేసి జట్టుగా ఒక పొట్టి సినిమా తీయమన్నారు. మా జట్టుకు నేను డైరెక్టర్ని. కెమెరా పట్టుకోవడం రాదు, కథ రాయడం అంతకన్నా రాదు కాబట్టి నాకు మిగిలింది ఆ పనే. కథ నా స్నేహితురాలు రాసింది. మూడోవాడు మా క్లాసు అబ్బాయి, పెళ్లి వీడియోలు తీసే వాళ్ల అన్న కెమెరాను ఆదివారం దాకా అడిగి తెచ్చాడు. సోమవారం సినిమా అప్పజెప్పాలి.

దుబాయ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన చెప్పే ముచ్చట్లు ఊళ్లో ఎవరూ వినరు, ఆయన పెంచుకున్న కోడిపుంజు ఒక్కటే వింటుంది. ఇదీ కథ. ఇందులో నా స్నేహితురాలు కల్పించిందేమీ లేదు. హుస్నాబాద్ దగ్గరి పల్లెలో వాళ్ల మేనత్త భర్త అచ్చం ఇలాగే ఉండేవాడు. హీరో ఆయనే, పుంజూ ఆయనదే. మేమూ వాళ్లను అత్తా, మామా అనే పిలిచాం.

శనివారం పని సాఫీగా సాగింది. మామ మంచం మీద కూర్చుని ఎడారి కథలు చెబుతుంటే, ఎర్ర పుంజు మెడ వంచి ఒంటికన్నుతో ఆయన్నే చూసింది. రెండోసారి తీయాల్సిన అవసరమే రాలేదు. పొద్దుగూకే వేళ కెమెరా సర్దుతూ మావాడు హుషారుగా, "ఇగ పుంజు పని ఖతం" అన్నాడు. ఆ పూటకు అని వాడి ఉద్దేశం. పక్కనే గిన్నెలు తోముతున్న అత్త ఆ మాట విన్నది.

ఆదివారం పొద్దున మామ ఒక్కడి షాట్లు తీసి, మధ్యాహ్నం తిండికి కూర్చున్నాం. జొన్నరొట్టెలు, నాటుకోడి కూర. మావాడు మూడుసార్లు వేయించుకున్నాడు.

"దుబాయ్‌ల ఎంత పెద్ద హోటల్ల తిన్నా గీ రుచి రాలే" అన్నాడు మామ.

నేను చెయ్యి కడుక్కుంటూ, "మామా, ఇప్పుడు ఆఖరి షాటు. నువ్వు పుంజును ఎత్తుకోని చేను దిక్కు నడవాలె. దాన్ని గంప కింద మూసినవా?" అని అడిగాను.

అత్త కూరగిన్నె వైపు చూసింది. తర్వాత మావాడి వైపు చూసింది.

"పుంజు పని ఖతమన్నవ్ గద, కొడుకా?"

మావాడి నోట్లో ముక్క ఉంది. మింగాలో, ఉమ్మాలో తెలియక, ఆఖరికి మర్యాద కోసం మింగాడు. మామ పళ్లెం పక్కకు జరిపి, పశువుల కొట్టంలోకి పోయి కూర్చున్నాడు.

ఊరంతా తిరిగినా ఇంకో ఎర్ర పుంజు దొరకలేదు. పక్కింటావిడ తన తెల్ల పుంజునిచ్చింది. ఎర్రమట్టి నీళ్లలో కలిపి పూస్తే దూరం నుంచి ఎవరికి తెలుస్తుందని నా స్నేహితురాలు అన్నది. మావాడు పట్టుకున్నాడు, నేను పూశాను. సగం ఎర్రబడ్డాక అది వాడి చెయ్యి పొడిచి, గోడ దూకి, పక్కింటి తీగ మీద ఆరేసిన తెల్ల పంచెల మధ్య నుంచి రెక్కలు కొట్టుకుంటూ పోయింది.

పక్కింటావిడ పంచెలను చూసింది, పుంజును చూసింది.

"దీన్ని కోడనుకున్నరా, గోడనుకున్నరా? గీ పూసుడేంది?"

నా స్నేహితురాలు చున్నీ నోట్లో కుక్కుకుంది. ఆ పంచెలూ ఆ పుంజూ ఉతికేసరికి ఎండ వాలిపోయింది. సినిమాకు ముగింపు లేదు, హీరో కొట్టంలోంచి రాలేదు. ఇక లాభం లేదని నేను చెప్పబోతుంటే, అత్త కొంగు దోపుకుని కొట్టం వైపు నడిచింది. మావాడు నా వైపు చూశాడు. నేను తలూపాను. కెమెరా ఆన్ చేశాడు.

"ఏందయ్యా, కోడి కోసం తిండి ఇడ్సిపెడ్తవా?"

"నా మాట ఇన్నది గదొక్కటే" అన్నాడు మామ.

"అది ఇన్నదా? నీ చేతిల గింజలకు నిలవడ్డది. ఇన్నది నేను. రొట్టెలు చేసుకుంట, చెవి నీ దిక్కేసి."

"ఏమిన్నవో చెప్పు మరి."

"ఎడార్ల లారీ ఆగిపోయింది. నువ్వు, ఇంకొకాయన ఇసుకల నడుస్తున్నరు. ఒంటె ఎదురొచ్చింది. ముందుగాల ఒక్కటే ఒంటె. దసరా దాటినంక రెండైనయ్. నిన్న కెమెరాకు మూడు చెప్పినవ్."

మామ తల వంచుకుని గడ్డిపోచ తుంచాడు. "మూడే ఉండె" అన్నాడు మెల్లగా.

"ఉంటె ఉండనీ. నడువు, జర తిందువు. పప్పున్నది."

ఆయన లేచి ఆమె వెనకే వెళ్లాడు. కట్ చెప్పాల్సింది నేను. ఆ సంగతే మరిచిపోయి చూస్తూ నిలబడ్డాను.

ఇదంతా సినిమాలో పెట్టుకుంటామంటే అత్త వద్దనలేదు. "చీర మంచిగ లేదు బిడ్డా, మల్ల తియ్యి" అని లోపలికి పోయి పట్టుచీర కట్టుకొచ్చింది. తీశాం. ఈసారి బడిపిల్ల పద్యం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని చెప్పింది. చాలా బాగుందన్నాం. సినిమాలో మాత్రం మొదటిదే పెట్టాం.

ఎడిటింగులో లాప్‌టాప్ రెండుసార్లు మొండికేసింది. సోమవారం సార్ గది తాళం వేస్తుండగా పెన్‌డ్రైవ్ ఆయన చేతిలో పెట్టాం. మర్నాడు సినిమా చూసి, "సగం నుంచి పుంజు కనబడదేమిటి?" అని అడిగారు.

"ఇంట్లో వినేవాళ్లున్నారని తెలిశాక ఆయనకు దాని అవసరం లేదు సార్" అంది నా స్నేహితురాలు, కళ్లు కూడా ఆర్పకుండా.

సార్ మంచి ఆలోచన అన్నారు. మావాడికి దగ్గు తెర వచ్చింది.

కాలేజీలో సినిమాలన్నీ వేసిన రోజు అత్తామామలను పిలిచాం. మామ ఇస్త్రీ చొక్కాకు సెంటు కొట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. కొట్టం సీను రాగానే హాలంతా ఒకటే నవ్వు. అయిపోయాక పిల్లలు ఆయన చుట్టూ మూగి ఎడారి గురించి అడగడం మొదలుపెట్టారు. ఆయన కుర్చీ వెనక్కి తిప్పుకుని తీరిగ్గా చెప్పసాగాడు. అత్త బయట మెట్ల మీద కూర్చుంది. మేం ఛాయ్ తెచ్చిస్తే తీసుకుని, పక్కన చోటు చూపించి, "కూసోండ్రి, గాయిన ఇప్పట్ల రాడు" అన్నది.