మాల వేసిన టిన్ను

రాజోలు నుంచి అప్పనపల్లి వెళ్ళే దోవలో, కాలవగట్టు మీద ‘అంజిబాబు సప్లయర్స్’ అని ఒక రేకు బోర్డు ఉంటుంది. దాని వెనక షెడ్డులో షామియానాలు, కుర్చీలు, గుండిగలు, మైకు సెట్టు, జనరేటరు, వాటన్నిటి మధ్యలో అంజిబాబు. చుట్టుపక్కల పెళ్ళయినా, పెద్దకార్యమయినా, పార్టీ మీటింగయినా, చర్చిలో క్రిస్మస్ విందయినా కుర్చీలు ఆయనవే. అందుకని ఆ మనిషి తన బతుక్కి ఒకే ఒక్క సూత్రం పెట్టుకున్నాడు. సప్లై వాడికి పక్షం ఉండకూడదు.

ఎన్నికలప్పుడు పొద్దున ఒక పార్టీకి వేసిన షామియానానే సాయంత్రం రెండో పార్టీకి వేస్తాడు. రెండు చోట్లా చప్పట్లు కొట్టడు. పెళ్ళిలో పులిహోర ఎలా ఉందని ఎవరైనా అడిగితే, “గుండిగ మాదండి, పులిహోర వారిదండి” అంటాడు. తన కుర్చీల్లో తను కూర్చోడు. కూర్చుంటే ఎవరో ఒకరి వైపు కూర్చున్నట్టవుతుందని భయం. ఊరందరినీ కూర్చోబెట్టిన మనిషి తను మాత్రం ఇన్నేళ్ళూ నిలబడే గడిపేశాడు. అంత పెద్ద మైకు సెట్టు చేతిలో ఉండి కూడా అందులో “హలో, మైక్ టెస్టింగ్” అన్న మాట తప్ప ఇంకోటి పలికి ఎరగడు.

అలాంటి మనిషి నెత్తిన రొయ్యల కంపెనీ వచ్చి పడింది.

రొయ్యలకి తలలు తీసి, కడిగి, ఐసులో పెట్టి పై దేశాలకి పంపే ఫ్యాక్టరీ. కాలవకి అవతలి గట్టున కడతారట. అలాంటిది కట్టాలంటే ముందు ప్రభుత్వం ఊళ్ళో సభ పెట్టి, మీకిది ఇష్టమేనా అని జనాన్ని అడగాలి. ఆ సభకి షామియానా, కుర్చీలు కావాలని మండలాఫీసు నుంచి కబురొచ్చింది. వచ్చినవాళ్ళందరికీ కాఫీ, టిఫిను పెడతాం, గుండిగలు కావాలని కంపెనీ మేనేజరు కళ్యాణ్ ఫోన్ చేశాడు. ఫ్యాక్టరీ వద్దని నినాదాలు చెయ్యడానికి పక్కనే ఓ చిన్న టెంటు కావాలని రిటైరైన హెడ్మాస్టరు ఎబినేజర్ గారు స్వయంగా వచ్చి అడిగారు. అంజిబాబు ముగ్గురికీ “ఆయ్, అలాగేనండి” అన్నాడు.

ఆయ్ అననిది ఒక్క నాగదుర్గే. నాగదుర్గ అంజిబాబు భార్య. గుండిగలు తోమించే పని ఆవిడది.

“ఆ కంపెనీ మురుగునీళ్ళ గొట్టం కాలవలో ఎక్కడ పడుద్దో చూసేరా?” అని అడిగింది.

“చూసేను.”

“మన రేవుకి సరిగ్గా ఎగువనండి.”

పెళ్ళి గుండిగలు ఇంట్లో కుళాయి కింద పట్టేవి కావు. నాగదుర్గా, మరో ఇద్దరు ఆడవాళ్ళూ వాటిని కాలవ రేవులో దించి, కొబ్బరిపీచుతో తోమి, మెట్ల మీద బోర్లిస్తారు. ఆ గుండిగల శుభ్రమే వాళ్ళ పరపతి. దిగువన ఇంకో ఊళ్ళో ఇలాంటి ఫ్యాక్టరీయే వచ్చి, అక్కడి సప్లై ఆయన గుండిగలకి రొయ్యల కంపు పట్టేసింది. ఓ పెళ్ళిలో పాయసం అదే వాసన కొట్టి మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు నుంచి లేచిపోయారు. ఆయన ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నాడు.

“రేపు మైకు మీ చేతిలోనే ఉంటది. ఒక్క మాట చెప్పండి,” అంది నాగదుర్గ.

“మనం సప్లై వాళ్ళం. మూడు ఆర్డర్లూ మనవే. ఎవరి తరఫున చెప్పమంటావు?”

“గుండిగలు కంపుకొడితే రేపట్నుంచి ఏం సప్లై చేస్తారండీ? మీ పక్షం లేకపోవడాన్ని సప్లై చేస్తారా?”

అంజిబాబు కుర్చీలు లెక్కపెట్టుకోవడానికి షెడ్డులోకి పోయాడు. ఆ పూట ఆవిడ అన్నం పెట్టింది గాని మాట పెట్టలేదు.

సభ రోజు పొద్దున్నే కళ్యాణ్ కారులో దిగాడు. ముందు సీట్లో, బెల్టు పెట్టి మరీ, ఒక వాటర్ టిన్నుని కూర్చోబెట్టుకొచ్చాడు. దాని మెళ్ళో బంతిపూల మాల ఉంది.

“ఇవి మా ఇంకో ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చే నీళ్ళు అంజిబాబు గారూ. పూర్తిగా శుద్ధి చేసినవి. రేపు మీ కాలవలోకి వచ్చేవీ ఇవే. సభలో అందరి ముందూ నేనే తాగి చూపిస్తాను. అప్పటిదాకా జాగ్రత్తగా చూసుకోండి.”

“ఆయ్, మీకెందుకండీ,” అన్నాడు అంజిబాబు. ఎండ తగలకుండా దాన్ని వంటల పాకలో, తాగే నీళ్ళ టిన్నుల వరసలో పెట్టి, కుర్చీలు సర్దడానికి పోయాడు.

రేవు పక్కన ఖాళీ జాగాలో సభ మొదలైంది. జిల్లా నుంచి వచ్చిన అధికారి హేమ గారు వేదిక మీద కూర్చుని, ఎవరేం చెప్పినా రాసుకుంటున్నారు. ఫ్యాక్టరీ కావాలనే వాళ్ళు కంపెనీ ఇచ్చిన చీటీలు చూసి చదివారు. వాళ్ళలో ఒకాయన “ఇక్కడ మీ పేరు చెప్పవలెను” అన్నది కూడా గట్టిగా చదివి, పేరు చెప్పకుండానే దిగిపోయాడు. వద్దనే వాళ్ళ తరఫున ఎబినేజర్ మాస్టారు లేచారు.

“కంపెనీ వారంటే మాకెంతో గౌరవమండి. వారు చల్లగా ఉండాలండి. మా ఊరు మాత్రం దయచేసి రావద్దండి.”

ఈలోగా కాఫీ వచ్చింది. వంటావిడ కామేశ్వరి చేతి కాఫీకి ఆ చుట్టుపక్కల పేరుంది. నినాదాల టెంటులో వాళ్ళు నినాదాలు ఆపేశారు. ఒకళ్ళ కాఫీ చేత్తో పుచ్చుకుని వాళ్ళనే డౌన్ డౌన్ అనడం మర్యాదగా ఉండదు కదా. మాస్టారు రెండోసారి పోయించుకున్నారు. కళ్యాణ్ మూడు కప్పులు తాగి, ఇలాంటి కాఫీ హైదరాబాదులో దొరకదన్నాడు.

అప్పుడు కళ్యాణ్ మైకు ముందుకొచ్చి, “మా టిన్ను తెప్పించండి” అన్నాడు.

అంజిబాబు పాకలోకి వెళ్ళాడు. తను పెట్టిన చోట టిన్ను లేదు. వరస మొత్తం ఖాళీ.

“ఇక్కడి టిన్నులేవి కామేశ్వరీ?”

“కాఫీలోకి పోసేనండి బాబాయి గారూ. చాల్లేదు, ఇంకా తెప్పించండి.”

అడిగిన వస్తువు లేదని చెప్పడం అంజిబాబు వృత్తిలోనే లేదు. చెయ్యి దానంతటదే పనిచేసింది. సామాన్ల వ్యాను మీదున్న తాగే నీళ్ళ టిన్ను ఒకటి దించి, వేదికకి కట్టిన బంతిపూల తోరణం కొంత తెంపి మెళ్ళో వేసి, తీసుకెళ్ళి బల్ల మీద పెట్టేశాడు.

కళ్యాణ్ గ్లాసు నిండా వంచుకున్నాడు. “ఇవి మా ఫ్యాక్టరీ నీళ్ళు. పసిపిల్లలకి పట్టించవచ్చు” అని గటగటా తాగేశాడు. కంపెనీ తరఫు వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మాస్టారి మొహం చిన్నబోయింది. కాలవ రేవులో గుండిగ తోముతున్న నాగదుర్గకి ఆ చప్పట్లు వినిపించే ఉంటాయని అంజిబాబుకి తెలుసు.

హేమ గారు మాత్రం కలం దించలేదు. “ఈ టిన్నుకి సీలు లేదే. పొద్దున్నుంచీ ఎవరి దగ్గరుంది?”

కళ్యాణ్ గర్వంగా అంజిబాబుని చూపించాడు. “ఆయన్ని అడగండి మేడం. ఆయన ఏ పక్షమూ కాదు.”

అవునవునని షామియానా, టెంటూ ఒక్కసారే అన్నాయి. ఆ ఊళ్ళో రెండు వర్గాలూ ఒప్పుకున్న విషయం అదొక్కటే.

అంజిబాబుని మైకు ముందు నిలబెట్టారు. “ఇది కంపెనీ వారు మీకిచ్చిన టిన్నేనా?” అని అడిగారు హేమ గారు.

ఆయ్ అంటే చాలు, సభ అయిపోతుంది, గొట్టం పడుతుంది. కాదంటే ఇన్నేళ్ళ పేరు పోతుంది. అంజిబాబు మైకు తట్టాడు. అలవాటుగా “హలో, మైక్ టెస్టింగ్” అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

“కాదండి,” అన్నాడు చివరికి. “ఇవి తాగే నీళ్ళండి. కంపెనీ వారి నీళ్ళు పొరపాటున కాఫీలోకి వెళ్ళిపోయేయండి.”

అందరూ తమ చేతుల్లో ఉన్న కప్పుల్లోకి చూసుకున్నారు.

మొదట లేచింది కళ్యాణే. పసిపిల్లలకి పట్టించవచ్చన్న మనిషి నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని కాలవ వైపు పరుగు తీశాడు. ఆయన వెనక చీటీలు చదివినవాళ్ళు, వాళ్ళ వెనక నినాదాలు చేసినవాళ్ళు, అందరి వెనక పంచె ఎగ్గట్టి ఎబినేజర్ మాస్టారు. రేవులో నాగదుర్గ గుండిగ పక్కకి లాక్కుని చోటిచ్చింది. ఊరు ఊరంతా వరసగా మెట్ల మీద కూర్చుని, గొంతులో వేళ్ళు పెట్టుకుని, దోసిళ్ళతో కాలవ నీళ్ళు తీసుకుని పుక్కిలించింది. వాళ్ళందరికంటే ఎక్కువసేపు పుక్కిలించింది కళ్యాణ్.

షామియానా కింద కుర్చీలే మిగిలాయి. వేదిక మీద హేమ గారు, కింద అంజిబాబు. కాఫీ తాగని వాళ్ళు ఆ ఇద్దరే. ఆవిడకి బీపీ, ఈయనకి పని.

“ప్రజలు లేకుండా ప్రజాభిప్రాయం ఎలా తీసుకుంటాను?” అని ఆవిడ రాసుకున్న కాయితాలు తిరగేశారు. “మీరున్నారుగా. మీరు ప్రజే కదా. కూర్చోండి.”

అంజిబాబు చుట్టూ చూసి, ముందు వరసలో ఓ కుర్చీ ఎంచుకుని కూర్చున్నాడు. తన కుర్చీలు ఇంత మెత్తగా ఉంటాయని ఆయనకి తెలీదు.

“చెప్పండి. మైకులో చెప్పండి.”

“నాకు పక్షం లేదండి,” అని మొదలుపెట్టి ఆగిపోయాడు. “అబద్ధమండి. ఉందండి. అదిగో, ఆ రేవు మాదండి. మా ఆవిడ గుండిగలు తోముద్దండి అక్కడ. గుండిగ శుభ్రంగా ఉంటేనే పదిమంది ఇళ్ళకీ వెళ్ళగలనండి. ఈ ఫ్యాక్టరీ నాకొద్దండి.”

మైకు హారన్లు కాలవ వైపే కట్టి ఉన్నాయేమో, ఆ మాట రేవు దాకా వినిపించింది. నాగదుర్గ చేతిలో కొబ్బరిపీచు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆవిడకి ఏడుపొచ్చింది, చుట్టూ అందరూ కక్కుతున్నారు గనక ఎవరూ గమనించలేదు.

సభ ముగిసి సామాన్లు ఎత్తుతూ, వాడని ఓ గుండిగ మీద మూత తీశాడు అంజిబాబు. లోపల మాల వేసిన టిన్ను, నిండుగా, చుక్క తగ్గకుండా ఉంది.

“అదాండీ? మాల ఉంటే ఏదో దేవుడి నీళ్ళనుకున్నానండి. కాలు తగుల్తాదని దాంట్లో దాచేను,” అంది కామేశ్వరి.

అంజిబాబు టిన్ను భుజానెత్తుకుని పరుగెత్తాడు. హేమ గారు జీపెక్కుతున్నారు. పక్కనే కళ్యాణ్ తడిసిన చొక్కాతో కారు తలుపు తీస్తున్నాడు.

“మేడం గారండీ! నేను చెప్పింది తప్పండి. కాఫీలో పడ్డవీ తాగే నీళ్ళేనండి. కంపెనీ వారి నీళ్ళు ఎవరూ తాగలేదండి. రాసుకోండి.”

“రాస్తాను,” అన్నారు హేమ గారు. “మీరు పొరబడ్డారనీ రాస్తాను, వీళ్ళంతా పరుగెత్తారనీ రాస్తాను. పరుగెత్తడంలో పొరపాటేం లేదుగా.”

అంజిబాబుకి మనసు తేలికపడింది. గ్లాసు తుడిచి, టిన్ను వంచి, రెండు చేతులా కళ్యాణ్‌కి అందించాడు. ఆయన మనసులో ఎగతాళి రవ్వంత కూడా లేదు, ఒప్పుకున్న సప్లై పూర్తిచెయ్యాలి అంతే. “సార్, అసలుది దొరికిందండి. తాగండి.”

కళ్యాణ్ గ్లాసు కేసి చూశాడు, ఆవిడ కేసి చూశాడు. “రాజమండ్రిలో మీటింగుందండీ,” అన్నాడు. అండీ అనడం ఆయనకి అదే మొదలు. కారు వెళ్ళిపోయింది.

ఫ్యాక్టరీ ఫైలు ఇంకా ఎక్కడో నడుస్తోంది. చీటీలు చదివినవాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి ఇప్పుడు కుర్చీలు పి.గన్నవరం నుంచి వస్తున్నాయి. అంజిబాబు బాధపడ్డాడు గాని, సాయంత్రాలు షెడ్డు ముందు తన కుర్చీలో కూర్చుని బాధపడుతున్నాడు. టిన్ను ఆ షెడ్డులోనే ఓ మూల ఉంది, మాల ఎండిపోయింది. అందులో నీళ్ళు కాలవలో పారబొయ్యడానికి నాగదుర్గ ఒప్పుకోదు, కొబ్బరిచెట్టు మొదట్లో పొయ్యడానికీ ఒప్పుకోదు. ఎక్కడ పారబొయ్యాలో చెప్పమని అంజిబాబు కంపెనీకి ఫోన్ చేశాడు. కనుక్కుని చెబుతామన్నారు, ఇంకా చెప్పలేదు.