ఏ పనీ చేయని లైన్లు

సిరిసిల్ల నుంచి కోరుట్ల పోయే బస్సులో ల్యాప్‌టాప్ తెరిచి, ఇక్కడివాళ్లు సాంచలనే మరమగ్గాలను నడిపే పాత అసెంబ్లీ కోడ్‌ను పైథాన్‌లోకి మారుస్తున్నాను. ఒకచోట ఏ పనీ చేయకుండా కాసేపు ఆగమనే లైన్లు కనిపించాయి. ఎప్పటిలాగే దండగనుకుని తీసేశాను.

పక్క సీటాయన కుడిచేతికి కట్టు ఉంది. ఏమైందని అడిగాను.

"సాంచకు కొత్త కంట్రోల్ బోర్డు పెట్టిండ్రు సార్. పాతదైతే బటన్ ఒత్తినంక జరసేపు ఆగి నడుస్తుండె. గా సందుల పోగు సర్దుతుంటిమి. అలవాటు కొద్దీ చెయ్యి పెట్టిన. గిది ఆగలే."

కోరుట్లలో దిగేటప్పుడు సంచి భుజానికి తగిలించమన్నాడు. తగిలించాను.

తీసేసిన లైన్లు మళ్లీ పెట్టాను. కానీ అంతకుముందు ఇలాగే లైన్లు తీసేసి మార్చిన కోడ్‌తో మా కంపెనీ బోర్డులు అప్పటికే కొన్ని షెడ్లలో నడుస్తున్నాయి. ఆయనది ఏ షెడ్డో నేను అడగలేదు.