ఏనుగు అడుగు చూసిన పిన్నిగారు

మా పక్క క్వార్టరు పిన్నిగారు మంగళవారం ఉదయం ఆరు గంటలకి భిలాయి స్టీల్ ప్లాంటు ఆసుపత్రిలో పోయారు. నిద్రలోనే పోయారని డ్యూటీ నర్సు చెప్పింది. గుండె జబ్బు చాలాకాలంగా ఉంది. చివరి వారం ఆయాసం కూడా తగ్గిందని, సోమవారం సాయంత్రం రెండు ఇడ్లీలు తిన్నారని, ఇడ్లీ పెట్టిన గాజు గిన్నెని ఖాళీ అయ్యాక బోర్లించి చూశారని కోడలు చెప్పింది. ఆ చివరి మాట విన్నాక మా వీధిలో చాలామంది మనసు కుదుటపడింది. పిన్నిగారు చివరిదాకా పిన్నిగారిలాగే ఉన్నారన్నమాట.

సెక్టర్ 7లో మాకు, వాళ్లకి మధ్య ఒకే గోడ. ఆమె విజయనగరం మనిషి. భర్త బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేసి, రిటైరైన రెండో ఏడు పోయారు. ఆమె ఇంట్లో ముందుగది గోడకి మూడు అరలుండేవి. వాటి నిండా గాజు బొమ్మలు. ఊదిన గాజు కాదు, కోసిన గాజూ కాదు. కరిగిన గాజుని ఇనుప అచ్చులో పోసి, పైనుంచి నొక్కి తీసిన బొమ్మలు. ఎలుగుబంటి, చేప, గూట్లో కూర్చున్న కోడిపెట్ట, తల వెనక్కి తిప్పిన కుక్క. కొన్ని సుపేలా ఆదివారం సంతలో దొరికినవి, కొన్ని పాత సామాన్లు కొనే కబాడీవాళ్ల దగ్గర పాత సీసాల మధ్య నుంచి ఏరినవి. ఎలుగుబంటిని మాత్రం రష్యా ఇంజినీరు భార్య ఒకావిడ, దేశం తిరిగి వెళ్లిపోతూ ఆమె చేతిలో పెట్టింది.

పిన్నిగారికి కావలసింది బొమ్మ అందం కాదు. ఎవరు చేశారన్నది. ఎవరింటికి వెళ్లినా షోకేసు తెరిపించి, బొమ్మని బోర్లించి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి చూసేవారు. బొటనవేలి గోరుని బొమ్మ పక్కనుంచి మెల్లగా లాగేవారు. అచ్చు రెండు ముక్కలదైతే రెండు గీతలు, మూడు ముక్కలదైతే మూడు గీతలు గోరుకి తగులుతాయి. అడుగు సాన పట్టారా, పోసినది పోసినట్టే వదిలేశారా చూసేవారు. తర్వాత కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని గాజులో పచ్చఛాయ ఉందా, బుడగలున్నాయా చూసేవారు. పిల్లలు ఆటపట్టించేవారు: "పిన్నిగారొస్తున్నారు, బొమ్మలన్నీ బోర్లించీయండి!"

"మెరుపు ఎవడైనా తేగలడు. అడుగు దగ్గరే పనివాడు తెలుస్తాడు" అనేవారు. తేలనప్పుడు "తెలీదు" అనేసి బొమ్మని మళ్లీ అరలో పెట్టేసేవారు. ఆ మాట అనడానికి ఆమె ఎప్పుడూ చిన్నబోవడం నేను చూడలేదు.

భిలాయిలో ఒక అలవాటుంది. మంచి గాజు వస్తువు ఏది కనబడినా "రష్యాది" అనేస్తాం. ప్లాంటు కట్టిన రోజుల్లో వచ్చిన రష్యావాళ్లు వెళ్లిపోతూ కెమెరాలు, కుట్టు మిషన్లు, ప్లేట్లు, బొమ్మలు అమ్మేవారు, లేదా ఇచ్చేసేవారు. దాంతో ఫిరోజాబాదులో పోసిన గ్లాసు కూడా ఇక్కడికొస్తే రష్యా గ్లాసు అయిపోతుంది. ఈ అలవాటు వల్లే తొంభైల మొదట్లో ఒక మనిషి ఉద్యోగం పోయేంత పనైంది.

ఆ మనిషి సూరిబాబు. రైల్ మిల్లులో క్రేన్ ఆపరేటరు, సెక్టర్ 2లో క్వార్టరు, శ్రీకాకుళం వైపు ఊరు. మన తెలుగువాళ్ల సంఘం హాలు తాళాలు అతని దగ్గరే ఉండేవి. ఆ హాల్లో అద్దాల బీరువాలో ఒక జత గాజు ఏనుగులుండేవి. హాలు మొదలుపెట్టిన రోజున అతిథిగా వచ్చిన రష్యా ఇంజినీరు ఇచ్చినవి. కింద అట్టమీద "రష్యా మిత్రుల కానుక, రష్యాలో తయారైనది" అని రాసి ఉండేది.

ఉగాది కార్యక్రమం అయిన కొన్నాళ్లకి బీరువాలో ఒక ఏనుగే ఉందని ఎవరో గమనించారు. బీరువా తాళం విరగలేదు. ఆ తర్వాత కమిటీ సభ్యుడొకాయన చందా కోసం సూరిబాబు ఇంటికి వెళితే, టీవీ మీద, కుట్టుపని చేసిన గుడ్డ మీద అచ్చం అలాంటి ఏనుగే కనబడింది.

వచ్చిన ఆదివారం కమిటీ కూర్చుంది. నేను ఒక పత్రికకి భిలాయి విలేకరిని. సంఘం సభ్యుడిగానే వెళ్లాను, కాని అధ్యక్షుడు నన్ను చూడగానే, "భయ్యా, ఇది పేపర్లో రాకూడదు" అన్నాడు. అధ్యక్షుడు ప్లాంటులో ఫోర్‌మన్. అరవడం అలవాటైన గొంతు. సూరిబాబు తన ఏనుగుని తువాలులో చుట్టి తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఇది మా నాన్నది సార్. రైల్వేలో గేంగుమేన్ చేసీవోడు. ఖర్గ్‌పూర్‌నుంచి తెచ్చీడు. అప్పటికి నాను పుట్టనేదు."

"అరే యార్, మీ నాన్న భిలాయి ఎప్పుడైనా చూశాడా?"

"నేదు సార్."

"మరి రష్యా ఏనుగు ఖర్గ్‌పూర్ ఎలా వెళ్లింది? నడిచి వెళ్లిందా?"

కొందరు నవ్వారు. సూరిబాబు నవ్వలేదు. సోమవారం పొద్దున్న పోలీసు థానాలో కంప్లైంటు ఇవ్వాలని అప్పటికే అనుకున్నారు. దొంగతనం కేసు పడితే ప్లాంటులో సస్పెండ్ చేస్తారు. అది గదిలో ఉన్న అందరికీ తెలుసు. తెలియనట్టు కూర్చున్నారు.

అప్పుడు ఎవరో అన్నారు, పిన్నిగారిని పిలిస్తే పోలా అని. అధ్యక్షుడు కూడా ఒప్పుకున్నాడు. ఆమె రష్యాదని చెప్పేస్తే పని సులువైపోతుందని అతని లెక్క.

నేను స్కూటర్ మీద వెళ్లి తీసుకొచ్చాను. ఆమె చేతిసంచీలో భూతద్దం, పౌడరు డబ్బా, తన ఎలుగుబంటి ఉన్నాయి. బల్ల దగ్గర కూర్చుని ఎవరినీ పలకరించలేదు. హాలు ఏనుగుని, సూరిబాబు ఏనుగుని పక్కపక్కన పెట్టి గోరు లాగారు. చెవుల వెనక చూశారు. తొండం మడత చూశారు. చాలాసేపు చూశాక తలెత్తారు.

"రెండూ ఒకే అచ్చులోవి. చేసినవాడు ఒక్కడే."

సూరిబాబు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అచ్ఛా! ఇంకేటి, కేసు క్లోజ్" అన్నాడు అధ్యక్షుడు.

"నీ కేసు తర్వాత మూసుకుందువు గాని నాయనా. నేనింకా నోరు మూయలేదు."

ఆమె తన ఎలుగుబంటిని బోర్లించారు. అడుగున గాజులోనే ఒక గుర్తు, పక్కన అంకెలు పోసి ఉన్నాయి. "ఇదేటో తెలుసా? ధర. రష్యావోడి దేశమంతా ఒకటే ధర. అందుకని అచ్చులోనే పోసీసేవోడు. అన్నిటికీ ఉండకపోవచ్చు, నేను చూసినవాటికి ఉంది." తర్వాత రెండు ఏనుగుల అడుగునా పౌడరు చల్లి, పైటకొంగుతో మెల్లగా తుడిచారు. వెనక కాళ్ల మధ్య, ఎత్తుగా ఉన్న చిన్న ఇంగ్లీషు అక్షరాల చుట్టూ పౌడరు నిలిచిపోయింది. భూతద్దం నా చేతికిచ్చి చదవమన్నారు. రెండిటిమీదా ఒకటే మాట: ఫారిన్.

"ఫారినే కదా!" అన్నాడు అధ్యక్షుడు. "రష్యా ఫారిన్ కాదేటి?"

"నీకూ నాకూ ఫారిన్. రష్యావోడు తన సామాను మీద ఇంగ్లీషులో ఫారిన్ అని ఎందుకు రాసుకుంటాడు? నువ్వు నీ ఇంటి గుమ్మం మీద పరాయిల్లు అని రాసుకుంటావా?"

ఈసారి నవ్వు గట్టిగా వచ్చింది.

ఆమె చెప్పింది ఇది. విజయనగరంలో వాళ్ల నాన్నగారికి ఫ్యాన్సీ సామాన్ల కొట్టు ఉండేది. ఇంగ్లీషువాళ్ల రోజుల్లో జర్మనీ నుంచి, దాని పక్కనే ఉన్న బొహీమియా వైపు నుంచి వచ్చే దీపం చిమ్నీలమీద, అత్తరు సీసాలమీద చిన్నప్పుడు ఈ మాటే చూసేవారు. ఇంగ్లీషు పాలన ఉన్న చోట అమ్మే బయటిదేశం సరుకు మీద అలా గుర్తు వేసేవారని నాన్నగారు చెప్పేవారు. కాబట్టి ఈ ఏనుగులు భిలాయి ప్లాంటు పుట్టకముందు మన దేశంలో దిగిన సరుకు. అలాంటివి కలకత్తా బజార్లలో రాశులుగా ఉండేవి. రష్యా ఇంజినీరు దారిలో కలకత్తాలో కొని ఉంటాడు. ఖర్గ్‌పూర్ గేంగుమేన్ కూడా అక్కడే కొనవచ్చు.

"అయితే ఏ కంపెనీదంటారు?" అని అడిగాను.

"తెలీదు. బొహీమియాది అనిపిస్తాది. అనిపించడం వేరు, తెలియడం వేరు. ఎవరు చెయ్యలేదో మాత్రం తెలుసు."

అధ్యక్షుడు ఇంకా వదల్లేదు. "అంటే ఇది మన ఏనుగు కాదంటారా?"

"ఇది ఆ ఏనుగు కాదని నేను చెప్పలేను. ఆ ఏనుగే అని నువ్వూ చెప్పలేవు. చెప్పలేని మాట థానాలో ఎలా చెప్తావు?"

కంప్లైంటు ఇవ్వలేదు. కాని హాలు తాళాలు సూరిబాబు దగ్గరనుంచి తీసుకున్నారు. అతను ఏనుగుని మళ్లీ తువాలులో చుట్టుకుని, పిన్నిగారికి నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

స్కూటర్ మీద తిరిగొస్తూ అడిగాను, సూరిబాబు తియ్యలేదని మీకు నమ్మకమేనా అని.

"నాకేటి తెలుసురా? నాకు ఏనుగు సంగతి తెలుసు. మనిషిని బోర్లించి చూడలేం కదా" అన్నారు.

వినాయక చవితికి స్టేజీ పరదాలు తీద్దామని కమిటీవాళ్లు ఇనప్పెట్టె తెరిచారు. పరదా మడతలు విప్పుతుంటే గట్టిగా ఏదో తగిలింది. ఏనుగు. చెవి కొస కూడా విరగలేదు. అప్పుడు అలంకరణ చేసిన వాళ్లలో ఒకావిడ నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. ఉగాదినాడు స్టేజీమీద దీపం పక్కన పెడితే బాగుంటుందని సూరిబాబుని అడిగి బీరువా తీయించి, ఒక ఏనుగుని తీసింది ఆవిడే. కార్యక్రమం అయ్యాక ఎవరో పరదాతోపాటు బల్లమీద గుడ్డనీ, దాని మీదున్నదాన్నీ కలిపి మడిచేశారు. బీరువా తీసిన సంగతి ఆవిడా మరిచిపోయింది, సూరిబాబుకీ గుర్తులేదు. ఆ రోజు అతను కుర్చీలు, మైకు, ప్రసాదం అన్నీ చూసుకుంటున్నాడు.

ఈ వార్త చెప్పడానికి నేనే పిన్నిగారింటికి వెళ్లాను. ఆమె బియ్యం ఏరుతున్నారు. విని, చేట పక్కన పెట్టి, మంచినీళ్లు అడిగారు. తాగాక కళ్లు తుడుచుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"హమ్మయ్య! ఆ కమిటీ రోజునుంచి నాకు సరిగ్గా నిద్ర లేదురా. వాడి ఇంట్లోది హాలు ఏనుగే అయ్యుంటే, నేను కూర్చుని దొంగకి సాయం చేసినట్టే కదా. చెప్పింది నిజమే. నిజం చెప్పినా భయం పోదు."

సూరిబాబు గురించి ఎంతోమంది తర్వాత మంచి మాటలు చెప్పారు. నాకు గుర్తుండిపోయింది ఈ భయం. అంతా తెలిసినట్టు మాట్లాడిన మిగతావాళ్లలో ఎవరికీ ఆ నెలల్లో నిద్ర చెడలేదు.

అధ్యక్షుడు మనిషి మంచివాడే. స్వయంగా సెక్టర్ 2కి వెళ్లి, వీధిలో అందరూ వినేలా క్షమించమన్నాడు, తాళాల గుత్తి ఇవ్వబోయాడు. సూరిబాబు తీసుకోలేదు.

"వద్దు సార్. నా దగ్గరుంటే మళ్లీ ఏదో పోతాది. మళ్లీ పిన్నిగారిని లేపాలి."

అప్పటినుంచి కార్యక్రమాలకి వచ్చేవాడు, వెనక వరసలో కూర్చుని వెళ్లిపోయేవాడు. బీరువా దగ్గరికి వెళ్లేవాడు కాదు. పిన్నిగారు కనబడినప్పుడల్లా తిట్టేవారు. "తాళం తీసుకోరా. నీ మొండితనం క్రేన్ మీద చూపించుకో." అతను తల వంచుకుని, "అలాగే పిన్నిగారూ" అనేవాడు. తీసుకునేవాడు కాదు. బీరువాలో అట్టని మాత్రం ఆమె మార్పించారు. ఇప్పుడు దానిమీద "రష్యా మిత్రుల కానుక. చేసినవారెవరో తెలియదు" అని ఉంది. కలకత్తా వెళ్లినప్పుడల్లా పాత సామాన్ల కొట్లలో ఆ ఏనుగు కోసం వెతికేవారు. కంపెనీ పేరు దొరకలేదు. అందుకు ఆమె బాధపడినట్టు నాకు తెలియదు.

మంగళవారం మధ్యాహ్నం దహనం అయ్యాక, శ్మశానం గేటు దగ్గర కుళాయి కింద అందరం కాళ్లు కడుక్కుంటున్నాం. ఇప్పటికీ అధ్యక్షుడు ఆ ఫోర్‌మనే. పిన్నిగారి కొడుకు అతనితో చెబుతున్నాడు, అమ్మ బొమ్మలన్నీ సంఘానికే ఇమ్మందని. సూరిబాబు పక్కనే ఉన్నాడు. ఇప్పుడతను రిటైరయ్యాడు, జుట్టు నెరిసింది. తడి చెయ్యి పంచెకి తుడుచుకుని అధ్యక్షుడి ముందు చాచాడు.

"తాళం ఇచ్చీయండి సార్. ఆవిడ బొమ్మలు నానే పెడతాను."

అధ్యక్షుడు జేబులోంచి గుత్తి తీసి ఇచ్చాడు.

పన్నెండో రోజు అయ్యాక వచ్చే ఆదివారం, పొద్దున్న పది గంటలకి, హాల్లో బీరువా తెరుస్తారు. వీలున్నవారు రావచ్చు. బొమ్మల్ని ముందు కడగాలి. ఎలా కడగాలో కోడలు సూరిబాబుకి చెప్పింది: బకెట్టు అడుగున మెత్తని తువాలు పరవాలి, గోరువెచ్చని నీళ్లు పొయ్యాలి, ఒకసారికి ఒక్క బొమ్మే వెయ్యాలి. రంగు లేని గాజు నీళ్లలో మునిగాక కంటికి కనబడదు. చెయ్యి పెట్టి, మెల్లగా తడిమి, అడుగు పట్టుకుని పైకి తియ్యాలి.